తలంటుకుని రండి, నూనె రాయకండి

ఈ మాట ఫోన్‌లో రోజుకి పదిసార్లు చెబుతాను. అయినా మా గుంటూరు చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చే ఆడవాళ్లలో సగంమంది తలకి కొబ్బరినూనె దట్టంగా పట్టించి, బిగించి జడ వేసుకుని, మూరెడు మల్లెపూలు కూడా పెట్టుకుని వస్తారు. "ఆస్పత్రికి తల రేపుకుని ఎట్టా వస్తామమ్మా" అంటారు. అదీ నిజమే. పూలు తీసి కాగితంలో చుట్టి వాళ్ల చేతికే ఇస్తాను. పిన్నులు, క్లిప్పులు, సవరం ఉంటే సవరం విప్పించి, స్పిరిట్‌లో ముంచిన దూదితో పాయ పాయకీ నూనె తుడవడం మొదలుపెడతాను. తిరుపతి వెళ్లి గుండు చేయించుకొచ్చినవాళ్లు ఎవరైనా వస్తే ఆ రోజు నాకు పండగే.

నేను ఈఈజీ టెక్నీషియన్ని. ముప్పై ఏళ్లు దాటింది. టేపుతో తల కొలుస్తాను. ముక్కు మొదలు నుంచి మెడ పైనుండే బుడిపె దాకా ఒక కొలత, ఈ చెవి ముందు నుంచి ఆ చెవి ముందుకి ఇంకో కొలత. అందులో పదో వంతు, ఐదో వంతు లెక్క కట్టి పెన్సిల్‌తో గుర్తులు పెట్టి, తల మీద 19 చోట్ల, రెండు చెవులకి రెండు, వైర్లు అంటిస్తాను. 1958లో హెర్బర్ట్ జాస్పర్ పేరు మీద అచ్చయిన పద్ధతి ఇది. మేం 'టెన్ ట్వంటీ' అంటాం. ఎక్కడి ఆస్పత్రికి వెళ్లినా ఇదే లెక్క.

జనం దీన్ని 'తలకి కరెంటు పెట్టే పరీక్ష' అంటారు. షాక్ ట్రీట్‌మెంట్ అనుకుని నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చినవాళ్లున్నారు. మేం కరెంటు పెట్టం, మీ తలలో ఉన్న కరెంటునే వింటాం అని చెబుతాను. అది ఎంత కరెంటంటే, గోడ గడియారంలో వేసే సెల్లులో ఒకటిన్నర వోల్టు ఉంటుంది, పుర్రె దాటి నాకు చేరేది అందులో ముప్పైవేలో వంతు, ఒక్కోసారి ఇంకా తక్కువ. అంత సన్నటి దాన్ని పట్టుకోవాలంటే నూనె అడ్డం, చెమట అడ్డం, పైన తిరిగే ఫ్యాను అడ్డం, జేబులో ఫోను అడ్డం.

ఈమధ్య 'మెదడు చదివి మనసు చెప్పే ఏఐ' అని వార్తలు వస్తున్నాయి. మా సెంటర్‌కీ ఒక సాఫ్ట్‌వేర్ వచ్చింది. బంధువుల్లో, వీధిలో అందరూ నన్నే అడుగుతున్నారు, నిజమేనా, ఇక డాక్టర్లు అక్కర్లేదా అని. ఆ వార్తలన్నీ చదివాను. ఒక్కదాంట్లోనూ నూనె మాట లేదు. అందుకే ఈ వ్యాసం.

కిందటి ఏడు ఒక మిర్చి రైతు తన కూతుర్ని తీసుకొచ్చాడు. ఇంటర్ రెండో సంవత్సరం, హాస్టల్లో ఉండి చదువుతోంది. నెలరోజులుగా అన్నం సరిగ్గా తినదు, పుస్తకం తీయదు, గంటల తరబడి గోడకేసి చూస్తూ కూర్చుంటుంది, పిలిస్తే ఒక్కోసారి పలకదు. అలా చూస్తూ ఉండిపోవడం ఫిట్స్‌లో ఒక రకం కావచ్చు. అది కాదని తేల్చుకోడానికి డాక్టరుగారు ఈఈజీ రాశారు. అరగంట రికార్డు చేశాను. ఫిట్స్ జాడ లేదు. రిపోర్టు 'నార్మల్' అని వచ్చింది.

ఆ తండ్రి కాగితం చేత్తో పట్టుకుని వరండాలోకి వచ్చి, "అంటే ఏమీ లేదన్నమాటేగా మేడంగారూ. నేను ముందే చెప్పా, చదువు ఎగ్గొట్టడానికి ఏషాలని" అన్నాడు. అమ్మాయి పక్కనే ఉంది. తల నిండా నేను పూసిన పేస్టు ఇంకా ఎండి తెల్లగా ఉంది.

రిపోర్టు గురించి మాట్లాడడం టెక్నీషియన్ పని కాదు. ఆ రోజు మాట్లాడాను. "మీరు మిర్చి యార్డుకి వెళ్తారుగా. గేటు బయట నిలబడి లోపలి రొద విన్నారనుకోండి. యార్డు నడుస్తోందా, మూశారా, లోపల గొడవేమైనా జరుగుతోందా అనేది తెలుస్తుంది. ఎవరి బస్తాకి ఏ రేటు పలికిందో, ఏ రైతు కడుపు మండిపోయి తిరిగొస్తున్నాడో తెలుస్తుందా? ఈ మిషను గేటు బయటి మనిషండీ. గొడవ లేదంది. బాధ లేదనలేదు" అన్నాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత లోపలికెళ్లి డాక్టరుగారి దగ్గర కూర్చున్నాడు. వెయిటింగ్ హాలు గోడ మీద టెలీ మానస్ హెల్ప్‌లైన్ వాళ్ల 14416 నంబరు కాగితం మేమే అంటించాం. వెళ్లేటప్పుడు ఆ అమ్మాయి దాన్ని ఫోన్‌లో ఫోటో తీసుకోవడం చూశాను.

తమాషా ఏమిటంటే, ఈ మిషను పుట్టిందే మనసు లోపల ఏముందో తెలుసుకోడానికి. హాన్స్ బెర్గర్ అనే జర్మన్ మానసిక వైద్యుడు కుర్రతనంలో సైన్యంలో ఉండగా గుర్రం మీద నుంచి పడి, ఫిరంగి బండి కింద నలిగిపోబోయి తృటిలో బతికాడు. ఆ సాయంత్రమే ఇంటి నుంచి టెలిగ్రాం వచ్చింది, క్షేమమేనా అని. ఎక్కడో ఉన్న అక్కకి తమ్ముడికేదో అయిందని అనిపించి, తండ్రి చేత ఇప్పించిన టెలిగ్రాం అది. తన భయమే ఏదో శక్తిగా మారి అక్కకి చేరిందని బెర్గర్ నమ్మాడు. దాన్ని వెతుకుతూ పోయి 1924లో యెనా పట్నంలో మనిషి మెదడు తరంగాల్ని మొదటిసారి గీతగా పట్టాడు. ఎవరూ నమ్మరేమోనని అయిదేళ్లు దాచి 1929లో అచ్చేశాడు. కళ్లు మూసుకుంటే సెకనుకి పదిసార్ల లెక్కన ఊగే అల కనబడుతుంది, దానికి ఆల్ఫా అని పేరు పెట్టింది ఆయనే. వెతికిన మనశ్శక్తి దొరకలేదు, ఫిట్స్ చూసే పరికరం దొరికింది. 1941లో డిప్రెషన్‌లో ఉండగా ఆయన తన ప్రాణం తానే తీసుకున్నాడు. ఆ సంగతి తెలిసిన రోజు నేను మిషను ఆన్ చేసి కాసేపు ఊరికే కూర్చున్నాను.

నేను పనిలో చేరినప్పుడు కాగితం మిషన్లుండేవి. సిరా కలాలు వరసగా కదులుతూ గరగరమని గీసేవి. కాగితం సెకనుకి మూడు సెంటీమీటర్లు నడుస్తుంది. అరగంటకి 54 మీటర్లు, అంటే దాదాపు పది చీరల పొడవు. ఆ కట్టంతా డాక్టరుగారు ఒక్కో పేజీ తిప్పుతూ చూసేవారు. నేను కలం పట్టుకుని అంచున రాసేదాన్ని: కళ్లు తెరిచాడు, దగ్గాడు, మగతగా ఉంది, అమ్మ పిలిచింది. ఆ అంచు రాతలు లేకపోతే గీతలు సగం అబద్ధాలు చెబుతాయి. కనురెప్ప కొడితే ముందు వైర్లలో పెద్ద కొండ లేస్తుంది. పళ్లు బిగబట్టినా, చాక్లెట్ నమిలినా చెవుల పక్క వైర్లు గడ్డి మోపులా నల్లగా నిండిపోతాయి. మెదడుది కానిదాన్నంతా మేం 'ఆర్టిఫాక్ట్' అంటాం.

ఇప్పుడు ఏఐ సంగతి. దీనికి ఎవరూ పాఠం చెప్పరు, ఉదాహరణలు చూపిస్తారు. ఇది ఫిట్స్ గీత, ఇది మామూలు గీత అని వేలకి వేలు చూపిస్తే తేడా అదే పట్టుకుంటుంది. నార్వే, డెన్మార్క్ ఆస్పత్రుల వాళ్లు 30,493 ఈఈజీలతో అలా నేర్పించి, అది నిపుణులతో సమానంగా చదువుతోందని 2023లో ప్రకటించారు. అది నేను నమ్ముతాను. మాకొచ్చిన సాఫ్ట్‌వేర్ వేరేది. ఒక సాయంత్రం, పొద్దుట్నుంచీ ఏడో కేసు, నా కళ్లు గుంజుతున్నాయి. పదిహేడో నిమిషంలో ఎడమ కణత దగ్గర ఒక సన్నటి మొన వచ్చి పోయింది, నేను దాటేశాను. అది ఎర్ర గుర్తు పెట్టింది. డాక్టరుగారు చూసి అవునన్నారు. నాకు కొంచెం చిన్నతనం అనిపించింది, ఎక్కువ సంతోషం అనిపించింది.

అదే సాఫ్ట్‌వేర్ మే నెలలో కరెంటు పోయి ఏసీ ఆగిన మధ్యాహ్నం, ఒక కుర్రాడి రికార్డు చూసి మెదడు పనితీరు మందగించిందని చెప్పింది. పిల్లాడికి చెమట పోస్తోంది, అంతే. చెమటకి గీతలు మెల్లగా, పెద్దగా ఊగుతాయి. గుంటూరు మే నెల దానికి ఎవరూ చూపించలేదు కాబోలు.

ఫిట్స్ అంటే కనీసం కంటికి కనిపించే మొన ఉంటుంది. డిప్రెషన్‌కి, ఆందోళనకి అలాంటి గీత లేదు. మనిషి కంటికి కనిపించనిది వేల రికార్డుల్లో ఏఐకి కనిపిస్తుందేమో అన్నదే ఇప్పటి ఆశ. కొంత నిజం ఉంది. 2020లో అమెరికాలో అమిత్ ఎట్కిన్ బృందం, డిప్రెషన్ ఉన్న 309 మంది పాల్గొన్న ఒక పరీక్షలోని ఈఈజీలు తీసుకుని, సెర్ట్రలిన్ మాత్ర ఎవరికి పని చేస్తుందో ముందే అంచనా వేయగలమని చూపించింది. 2024లో స్టాన్‌ఫర్డ్‌లో లియాన్ విలియమ్స్ బృందం 801 మంది రోగుల మెదడు స్కాన్లు ఏఐకి ఇచ్చి, మనం డిప్రెషన్, ఆందోళన అని పిలిచేవాటిలో ఆరు రకాలున్నాయంది. వాటిలో ఒక రకానికి వెన్‌లఫాక్సిన్ అనే మందు మిగతావాటికన్నా బాగా పని చేసింది. ఒక మాత్ర నెల వాడి, పని చేయక, ఇంకోటి రాసి, ఇంకో నెల ఆగి, ఈలోగా ఇంట్లో వాళ్లు విసిగి మందులు మాన్పించేసి... ఇది నేను వరండాలో రోజూ చూసే కథ. సరైన మందు మొదటిసారే దొరికితే ఎన్ని ఇళ్లు నిలబడతాయో నాకు తెలుసు.

కానీ మా పనిలో ఉన్నవాళ్లకి వెంటనే తట్టే అనుమానం ఒకటుంది. డిప్రెషన్ ఉన్నవాళ్ల రికార్డులు ఒక పక్క, బాగున్నవాళ్లవి ఇంకో పక్క పెట్టి తేడా చెప్పమంటారు. బాగాలేనివాళ్లలో చాలామంది అప్పటికే నిద్రమాత్రలో, ఆందోళన తగ్గించే మాత్రలో వాడుతుంటారు. ఆ మాత్రల్లో కొన్ని వేసుకుంటే గీతల్లో వేగంగా ఆడే బీటా అలలు పెరుగుతాయి, మేం చూడగానే "ఏం మాత్ర వేసుకున్నావమ్మా" అని అడిగేది అందుకే. మరి ఏఐ పట్టుకున్నది దిగుల్నా, మాత్రనా? ఇంకో తిరకాసు. ఒకే మనిషి అరగంట రికార్డుని ముక్కలు చేసి, కొన్ని ముక్కలతో నేర్పించి, మిగతా ముక్కలతో పరీక్ష పెడితే దానికి నూటికి తొంభై అయిదు వస్తాయి. ప్రశ్నపత్రం ముందురోజే లీకయిన పరీక్ష అది. అది గుర్తుపట్టింది జబ్బుని కాదు, మనిషిని. గొప్ప మార్కుల వార్త చూసినప్పుడల్లా నేను ముందు ఇదే వెతుకుతాను.

మూడో చిక్కు, ఎవరి తలలు అన్నది. నా నూనె గొడవ ఇక్కడికొస్తుంది. అమెరికాలో ఆర్నెల్ ఎటియెన్ అనే విద్యార్థిని, నల్లజాతివాళ్ల ఒత్తయిన ఉంగరాల జుట్టుకి మామూలు ఈఈజీ వైర్లు సరిగ్గా అంటడం లేదని గమనించింది. గీత సరిగ్గా రాకపోతే ఆ రికార్డు పక్కన పెట్టేస్తారు. పక్కన పెట్టిన తలల గురించి ఏఐకి ఏం తెలుస్తుంది? ఆమె కార్నెగీ మెలన్‌లో పుల్కిత్ గ్రోవర్ అనే ప్రొఫెసర్‌తో కలిసి, సన్నటి జడల మధ్య పాపిళ్లలో నొక్కి కూర్చునే కొత్తరకం క్లిప్పులు చేసింది. అది చదివి మా అమ్మాయికి ఫోన్ చేసి మరీ చెప్పాను. మన పక్క తమిళనాడులో తారా త్యాగరాజన్ బృందం కరెంటులేని కుగ్రామాల నుంచి నగరాల దాకా తిరిగి నాలుగు వందలమందికి పైగా ఈఈజీ తీసింది. బెర్గర్ పేరు పెట్టిన ఆల్ఫా అల, పుస్తకాల్లో అందరికీ ఉంటుందని రాసినది, డబ్బు, చదువు, ఫోను, ప్రయాణం తక్కువగా ఉన్నవాళ్లలో చాలా బలహీనంగా కనిపించింది. వాళ్లకి జబ్బేం లేదు. పుస్తకం రాసినవాళ్లు వాళ్ల తలలు చూడలేదు, అంతే. మన దేశంలో 2015-16లో నిమ్హాన్స్ చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే పన్నెండు రాష్ట్రాల్లో జరిగింది. పెద్దవాళ్లలో నూటికి పదిమందికి పైగా ఏదో ఒక మానసిక ఇబ్బందితో ఉన్నారని తేలింది. ఆ పన్నెండులో మన రెండు రాష్ట్రాలూ లేవు.

పిల్లల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. "మావాడు ఒక్కచోట కూర్చోడు, బ్రెయిన్ మ్యాపింగ్ చేయండి" అని రంగుల బొమ్మల కరపత్రం పట్టుకుని వస్తారు. ఈఈజీలో తీటా, బీటా అనే రెండు అలల నిష్పత్తి చూసి ఏడీహెచ్‌డీ చెప్పే పరికరానికి 2013లో అమెరికా ప్రభుత్వ అనుమతి దొరికిన మాట నిజం. మూడేళ్లకే అక్కడి న్యూరాలజీ డాక్టర్ల అకాడమీ, ఆ నిష్పత్తిని నమ్ముకుని రోగ నిర్ధారణ చేయొద్దని చెప్పిన మాట కూడా నిజం. కరపత్రంలో మొదటి నిజమే ఉంటుంది.

ఇన్ని చెప్పాక, నన్ను ఆపేసిన ఒక పరిశోధన గురించి చెప్పాలి. హెలెన్ మేబర్గ్ అనే న్యూరాలజిస్టు ఇరవై ఏళ్లకి పైగా ఒకటే పని మీద ఉంది. ఏ మందుకీ, చివరికి షాక్ ట్రీట్‌మెంట్‌కీ లొంగని డిప్రెషన్ ఉన్నవాళ్ల మెదడులో, నుదుటి వెనక లోతుగా ఉండే ఒక చోట సన్నటి తీగ దించి, అదేపనిగా కొద్దిపాటి కరెంటు ఇవ్వడం. దీనికి మాత్రం కరెంటు పెడతారు. 2023లో ఆమె, జార్జియా టెక్‌లో క్రిస్టఫర్ రోజెల్ అనే ఇంజినీరు, ఇంకా కొందరు కలిసి పదిమంది సంగతి రాశారు. ఆ కొత్త పరికరం కరెంటు ఇవ్వడమే కాదు, అక్కడి మెదడు గీతల్ని కూడా నెలల తరబడి నమోదు చేసింది. ఆరు నెలలకి పదిమందిలో తొమ్మిదిమందికి బాగా నయం కనిపించింది, ఏడుగురికి జబ్బు దాదాపు పోయింది. కొందరి రికార్డులు ఏఐకిచ్చి, బాగాలేనప్పటికీ బాగున్నప్పటికీ తేడా ఏమిటో కనుక్కోమన్నారు. అది ఒక గుర్తు పట్టుకుంది.

తర్వాత జరిగింది చూడండి. ఒకరికి నాలుగు నెలలు బాగుండి జబ్బు తిరగబెట్టింది. వెనక్కి వెళ్లి రికార్డు చూస్తే, ఆ గుర్తు నెలరోజుల ముందే మారడం మొదలైంది. ఆ నెలలో డాక్టర్లు మాట్లాడించినప్పుడు ఆ మనిషి బాగానే ఉన్నట్టు కనబడింది. దిగులు మనిషికి తెలియకముందే గీతకి తెలిసింది.

నా మిర్చి యార్డు మాట ఇక్కడ కొంచెం మార్చుకోవాలి. గేటు బయట ఒకపూట నిలబడ్డ మనిషికి రేటు తెలియదు. అదే గేటు ముందు ఏళ్ల తరబడి టీ అమ్మేవాడు మాత్రం రొద విని ఇవాళ ధర పడిందని చెప్పేస్తాడు. మేబర్గ్ వాళ్లకి పనికొచ్చింది అలా చూడడమే. వెయ్యి తలల్ని ఒక్కొక్క అరగంట చూసిన ఏఐ కాదు, కొద్ది తలల్నే ఒక్కొక్కటీ నెలల తరబడి విన్న ఏఐ. శాన్‌ఫ్రాన్సిస్కోలో 36 ఏళ్ల ఒకామెకి చేసి 2021లో ప్రకటించింది కూడా ఇలాంటిదే. ముందు పదిరోజులు మెదడులో పలుచోట్ల తీగలతో విని, ఆమె దిగులు ముంచుకొచ్చేటప్పుడు అమిగ్డలా అనే చోట ఏ గీత లేస్తుందో కనుక్కుని, అది లేచినప్పుడే ఆరు సెకన్లు కరెంటు ఇచ్చే పరికరం అమర్చారు. ఆ పరికరం ఫిట్స్ రోగులకోసం చేసింది. ఆమె గుర్తు ఆమెదే, ఇంకొకరికి పనికిరాకపోవచ్చు. మంద మీద లెక్కలు కట్టాలంటే వేలమంది స్కాన్లు కావాలని, చిన్న చిన్న గుంపుల మీద చెప్పినవి చాలావరకు నిలబడవని 2022లో స్కాట్ మరెక్ బృందం సుమారు 50,000 మంది సమాచారంతో చూపించింది.

అయితే పుర్రెకి రంధ్రం పెట్టే వైద్యం మన ఊరి వరండాకి ఎప్పుడొస్తుంది? లక్షమందికి ఒక మానసిక వైద్యుడు కూడా లేని దేశం మనది. అందుకని తేలిగ్గా తలకి తగిలించుకునే పట్టీలు ముందొస్తాయి, వచ్చేస్తున్నాయి కూడా. 2019లో చైనాలో జిన్‌హువా అనే ఊళ్లో బడిపిల్లల తలలకి ఈఈజీ పట్టీలు కట్టి, ఎవరు శ్రద్ధగా వింటున్నారో టీచరు కంప్యూటర్లో చూసేది. గోల అయ్యాక ఆపారు. మన హాస్టళ్లు గుర్తొచ్చి నాకు నిద్ర పట్టలేదు. చిలీ 2021లో రాజ్యాంగంలోనే మెదడు సమాచారానికి రక్షణ రాసుకుంది. 2023లో అక్కడి సుప్రీంకోర్టు ఎమోటివ్ అనే కంపెనీని, ఒక మాజీ సెనేటరు తల నుంచి తీసుకున్న సమాచారం చెరిపేయమంది.

మనకీ ఒక అనుభవం ఉంది, చాలామంది మరిచిపోయారు. 2008లో పుణెలో ఒక హత్య కేసులో, ఈఈజీ చూసి నేరం జ్ఞాపకం ఉందో లేదో చెబుతామనే పరీక్షని కూడా లెక్కలోకి తీసుకుని కోర్టు శిక్ష వేసింది. 2010 మే 5న సెల్వి కేసులో సుప్రీంకోర్టు, మనిషి ఒప్పుకోకుండా అలాంటి పరీక్షలు చేయకూడదని చెప్పింది. నేను రోజూ అంటించే ఆ వైర్లే. నా దగ్గరికొచ్చే తలలు నమ్మి వస్తాయి, కళ్లు మూసుకోమంటే మూసుకుంటాయి.

మిర్చి రైతు కూతురు కూడా మూసుకుంది. మూసుకోగానే కళ్ల పక్కనుంచి నీళ్లు కారి, చెవుల వైర్ల దాకా వచ్చాయి. ముందు వైర్లలో గీతలు అడ్డదిడ్డంగా లేచాయి. నేను ఆపలేదు, మాట్లాడలేదు. అంతా అయ్యాక తల తుడుస్తుంటే, "నేను ఏడవడం అందులో పడిందా ఆంటీ?" అని అడిగింది. పడిందమ్మా అన్నాను. "నాన్న చూస్తారా?" అంది. ఆయనకి ఆ గీతలు అర్థం కావులే అన్నాను.

కొత్త సాఫ్ట్‌వేర్‌లో రికార్డు చదివే ముందు ఆర్టిఫాక్టుల్ని శుభ్రం చేసే బటన్ ఉంది. ఏడుపు కూడా అందులో పోతుంది. అంచున రాసుకోడానికి ఒక చిన్న పెట్టె ఇచ్చారు. నొక్కితే జాబితా తెరుచుకుంటుంది: కళ్లు తెరిచారు, కళ్లు మూశారు, దగ్గు, కదలిక, మగత, నిద్ర. ఏడుపు లేదు. 'ఇతరములు' నొక్కి నేనే టైపు చేశాను.